షరతు ఉంది సరే, అడిగే హక్కు ఎవరిది?

(చర్చా కార్యక్రమం లిఖిత రూపం. పాల్గొన్నవారు: సంధానకర్త, కాపీరైట్ కేసులు చూసే న్యాయవాది, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌కు ప్యాచ్‌లు, అంటే మార్పులు, రాసే డెవలపర్)

సంధానకర్త: నమస్కారం. కోడ్‌ను అందరికీ తెరిచి ఇచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తీసుకుని లైసెన్స్ షరతు పాటించకపోతే నిలదీయాల్సింది ఎవరన్నది ఈరోజు చర్చ. డెవలపర్ గారూ, చేతిలో ఏదో కాగితం తెచ్చారు?

డెవలపర్: మా ఇంటి రౌటర్ పెట్టెలో వచ్చిన కాగితం. ముందువైపు వైఫై పాస్‌వర్డ్ మార్చుకునే పద్ధతి ఉంది. వెనక, అట్టడుగున, కళ్లు చిట్లించి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో, ఇందులో జీపీఎల్ సాఫ్ట్‌వేర్ ఉందని, రాసి అడిగితే మూడేళ్లపాటు సోర్స్ కోడ్ ఇస్తామని ఉంది. జీపీఎల్ అంటే, సాఫ్ట్‌వేర్ అందించేవారు దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్, కూడా ఇవ్వాలనే లైసెన్స్. లినక్స్ కెర్నల్ దాని కిందే వస్తుంది. నేను రాశాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం చిరునామాదారు లేరన్న ముద్రతో తిరిగొచ్చింది. నిజంగా మనసు కష్టపడింది. ఆ కోడ్‌లో పైసా తీసుకోకుండా రాత్రులు మేలుకుని రాసినవాళ్ల శ్రమ ఉంది. వాళ్లు కోరింది ఒక్కటే: మేం మీకు ఇచ్చినట్టే మీరూ కొన్నవాళ్లకు ఇవ్వండి.

న్యాయవాది: ఓపెన్ సోర్స్ అంటే యజమాని లేని సొత్తు కాదు. రాసినవారికి కాపీరైట్ ఉంది కాబట్టే లైసెన్స్‌కు బలం. షరతు తప్పితే జీపీఎల్ రెండో వెర్షన్ నాలుగో సెక్షన్ ప్రకారం అనుమతి దానంతటదే రద్దవుతుంది. 2004లో లినక్స్‌లో ఫైర్‌వాల్ భాగమైన నెట్‌ఫిల్టర్ డెవలపర్ హరాల్డ్ వెల్టే, జీపీఎల్ షరతు పాటించలేదంటూ సైట్‌కామ్ అనే సంస్థ మీద మ్యూనిక్ కోర్టుకు వెళ్లారు. అక్కడ తాత్కాలిక నిషేధ ఉత్తర్వు వచ్చింది. కోర్టు దాన్ని తర్వాత ఖాయం కూడా చేసింది.

సంధానకర్త: మరి చిక్కు ఎక్కడ వస్తోంది?

డెవలపర్: కోడ్‌లో ఏ వరుస ఎవరిదో తేల్చడంలో. కెర్నల్ కాపీరైట్ వేల మంది చేతుల్లో చెదిరి ఉంది. క్రిస్టోఫ్ హెల్విగ్ పేరున్న కెర్నల్ డెవలపర్. లినక్స్ కోడ్ వాడి జీపీఎల్ షరతు పాటించలేదంటూ వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద 2015లో జర్మనీలోని హాంబర్గ్‌లో దావా వేశారు. తన మార్పుల చరిత్రంతా కోర్టు ముందుంచారు. వీఎంవేర్ కోడ్‌లో ఉన్న ఏయే వరుసలు ఆయనవో, వాటికి విడిగా రక్షణ ఎందుకు దక్కాలో చూపలేదంటూ 2016లో కోర్టు దావా కొట్టేసింది. 2019లో అప్పీలూ పోయింది. మా పని తీరు తెలిసినవాళ్లకు ఇది మింగుడుపడదు. ఒక ఫంక్షన్‌ను ఒకరు రాస్తారు, పదిమంది సరిదిద్దుతారు, ఇంకొకరు వేరే ఫైలుకు మారుస్తారు. చివరికి ఆ వరుస పక్కన మార్చినవారి పేరే కనిపిస్తుంది.

న్యాయవాది: అందుకే హక్కులన్నీ ఒక్కచోట ఉండాలంటాను. జీపీఎల్‌ను ప్రచురించిన లాభాపేక్ష లేని సంస్థ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, తన గ్నూ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల కోసం హక్కులు తన పేర రాయించుకున్నది ఇందుకే.

డెవలపర్: ఫౌండేషన్ చేతిలో పెట్టడం వేరు మేడమ్, కంపెనీ చేతిలో పెట్టడం వేరు. హాషీకార్ప్ అనే కంపెనీ తయారుచేసిన టెర్రాఫామ్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ సంగతి చూడండి. బయటివాళ్లు కోడ్ ఇచ్చేముందు, దాన్ని వాడుకునే విస్తృత హక్కులు కంపెనీకి ఇచ్చే ఒప్పందం మీద సంతకం పెట్టేవాళ్లు. 2023 ఆగస్టులో కంపెనీ ఓపెన్ సోర్స్ లైసెన్స్ తీసేసి, పోటీదారులను కట్టడి చేసే లైసెన్స్ పెట్టింది. లినక్స్‌కు ఆ గతి పట్టదు, అంతమంది ఒప్పుకోవాలి కాబట్టి. కోర్టులో మమ్మల్ని ఇబ్బంది పెట్టే ఆ చెదురే మాకు కాపలా కూడా.

న్యాయవాది: ఆ మాట కాదనలేను. అయితే ఇప్పుడు ఇంకో దారి తెరుచుకుంటోంది. 2021 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు అండగా ఉండే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే అమెరికా సంస్థ, జీపీఎల్ కోడ్ ఇవ్వలేదంటూ టీవీలు అమ్మే విజియో మీద కాలిఫోర్నియాలో దావా వేసింది. కోడ్ యజమానిగా వేయలేదు, టీవీ కొన్న వినియోగదారుగా వేసింది. జీపీఎల్ ఒక ఒప్పందం, దాని ఫలం కొనుగోలుదారుకు చెందాలి అన్నది వాదన. కేసును ఫెడరల్ కోర్టులో నడపాలని విజియో పట్టుబట్టింది. 2022లో ఫెడరల్ జడ్జి దాన్ని రాష్ట్ర కోర్టుకే తిప్పి పంపారు.

డెవలపర్: ఆ వాదన నిలిస్తే, ఈ కాగితం పట్టుకుని నేనే అడగవచ్చు. ఏ వరుస ఎవరిదన్న ప్రశ్నే రాదు.

సంధానకర్త: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ రాత్రిపూట ఓపెన్ సోర్స్‌కు కోడ్ రాసే కుర్రాళ్ల సంగతి?

న్యాయవాది: మన 1957 కాపీరైట్ చట్టం 17(సి) ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి వేరే ఒప్పందం లేకపోతే మొదటి యజమాని సంస్థే. సొంత సమయంలో రాసింది మామూలుగా వాళ్లదే. కానీ చాలా నియామక పత్రాల్లో, ఉద్యోగంలో ఉండగా ఏం రాసినా సంస్థదే అన్న వాక్యం దూరుతుంది. అది చదవకుండా సంతకం పెడితే, రేపు తమ కోడ్ కోసం దావా వేసే అర్హతే వివాదమవుతుంది. ఇంకొకటి, హక్కులు రాసిచ్చే పత్రంలో గడువు లేకపోతే 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే పరిమితంగా లెక్కేస్తుంది.

డెవలపర్: నాకూ అదే జరగబోయింది. చేరే రోజున నా ప్రాజెక్టుల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఇవి నావి అని సంస్థ చేత సంతకం పెట్టించుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.