వెళ్లడం సరే, తిరిగొచ్చేదెలా?

అందరికీ నమస్కారం. చిన్న దళాలను మోసే విద్యుత్ విమానాల మాట రాగానే ముందు చప్పుడు గురించే అడుగుతారు. చప్పుడు లేకుండా శత్రువు దగ్గరికి చేరాలన్న ఆశ సైన్యాలకు పాతదే. 1940 మే 10 తెల్లవారుజామున జర్మన్ సైనికులు ఇంజన్ లేని గ్లైడర్లలో వెళ్లి బెల్జియంలోని ఎబెన్ ఎమేల్ కోట నెత్తిన దిగారు. కాపలావాళ్లు తేరుకునేలోపే చాలా ఫిరంగులు పనికిరాకుండా పోయాయి. అయితే గ్లైడరు వెళ్లడానికే గానీ రావడానికి కాదు. సొంత సేన మర్నాడు వచ్చి కలిసేదాకా వాళ్లు అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది.

ఇప్పుడు విద్యుత్ మోటార్లు వచ్చాయి. అమెరికా వైమానిక దళం 2020లో ఎజిలిటీ ప్రైమ్ పేరుతో ఇలాంటి యంత్రాలను పరీక్షించడం మొదలుపెట్టింది. వాటిలో హెక్సా అనేదానికి 18 రోటర్లు (పైకి లేపే తిరిగే రెక్కలు), ఎక్కేది మాత్రం ఒక్కరే. 2023లో అమెరికా వైమానిక దళపు ఎడ్వర్డ్స్ స్థావరానికి చేరిన జోబీ కంపెనీ విమానంలో పైలట్ కాక నలుగురు పడతారు. మామూలు ప్రయాణికులు నలుగురు! ఆయుధం, నీళ్లు, రేడియో, మందుగుండు తగిలించుకున్న సైనికుడు తేలిగ్గా 120 కిలోలు తూగుతాడు.

అసలు పేచీ బరువుతోనే. కిలో విమాన ఇంధనంలో దాదాపు 12 కిలోవాట్ అవర్ల (కరెంటు బిల్లులోని యూనిట్ల) శక్తి ఉంటుంది. మంచి లిథియం సెల్లులో అదే కిలోకు పావు కిలోవాట్ అవర్. మోటారు శక్తిని పెద్దగా వృథా చేయదు, నిజమే, అయినా తేడా పది రెట్లకు పైనే మిగులుతుంది. పైగా ఇంధనం మండేకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా అంతే బరువు. 2020లో యూరప్‌లో ధ్రువీకరణ పొందిన వెలిస్ ఎలక్ట్రో అనే విద్యుత్ విమానాన్నే చూడండి: 600 కిలోల విమానం, ఇద్దరు మనుషులు, గాల్లో 50 నిమిషాలు. అది కూడా రన్‌వే మీద పరుగెత్తి లేచేది. నిలువుగా లేచేవాటికి ఆ కొద్ది క్షణాల్లోనే బోలెడు శక్తి ఖర్చవుతుంది.

సరే, దిగారనుకుందాం. బ్యాటరీ 100 కిలోవాట్ అవర్లది. దగ్గర్లో కరెంటు లేదు. 30 కిలోవాట్ల జనరేటరు పెడితే నిండడానికి మూడు గంటలు దాటుతుంది, సుమారు 30 లీటర్ల డీజిల్ తాగుతుంది. అంటే డీజిల్ మోసుకెళ్లడం తప్పలేదు. ఆ మోత, ఆ పొగ, ఆ వేడి... దొంగచాటుగా వచ్చి డప్పు కొట్టినట్టే!

హైడ్రోజన్ ఉందిగా అంటారు. 2024లో జోబీ హైడ్రోజన్‌తో సుమారు 840 కిలోమీటర్లు ఎగిరి చూపించింది కూడా. కానీ హైడ్రోజన్‌ను యుద్ధరంగం దాకా చేర్చడం డీజిల్ కన్నా పెద్ద టెన్షన్.

నన్నడిగితే, ముందు వీటిని స్థావరాల మధ్య తిప్పాలి. రక్తం సీసాలు, విడిభాగాలు, గాయపడ్డ మనిషి, ఇలాంటి చిన్న బరువులు, చిన్న దూరాలు, రెండు చివరలా ఛార్జర్లు. శత్రువు దగ్గరికే వెళ్లాలంటే చిన్న టర్బైన్, బ్యాటరీ కలిసిన హైబ్రిడ్ నయం. దూరమంతా ఇంధనంతో ఎగిరి, చివరి కొద్ది కిలోమీటర్లు టర్బైన్ ఆపేసి బ్యాటరీ మీద దిగొచ్చు. మనుషులను దించాక, మళ్లీ లేచి కాస్త దూరం జరగడానికి సరిపడా ఛార్జ్ మిగలాలి. టర్బైన్ వేసేది ఆ తర్వాతే.