మూడు ఫీల్డులూ నిండాకే సబ్మిట్ బటన్ వెలగాలంటే

[స్క్రీన్ మీద: పేరు, ఫోన్, చిరునామా అని మూడు ఫీల్డులున్న ఫారమ్. కింద బూడిదరంగులో సబ్మిట్ బటన్.]

నమస్కారం. ఈ ఫారమ్‌లో మూడు ఫీల్డులూ తప్పనిసరి. మూడూ నిండేదాకా బటన్ పనిచేయకూడదు. జావాస్క్రిప్ట్ కాస్త తెలిసినవాళ్లు ఎవరైనా కూర్చుని రాసేయగలరు. కానీ రాసిన చాలా కోడ్‌లలో ఒకే పొరపాటు కనిపిస్తుంది, దాన్ని చూసినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. ఎందుకంటే సరైన పద్ధతి దానికంటే చిన్నది, తేలిక కూడా.

[స్క్రీన్ మీద: మూడు ఫీల్డులకు మూడు వేర్వేరు ఫంక్షన్లు, పైన ఒక కౌంటర్.]

ఆ పొరపాటు ఇదే. పైన ఒక కౌంటర్ పెడతారు. ఫీల్డులో ఏదైనా టైప్ చేయగానే ఒకటి కలుపుతారు. మూడుకి చేరితే బటన్ ఎనేబుల్. ఇప్పుడు పేరు ఫీల్డులోనే మూడు అక్షరాలు కొట్టండి. ఫోన్, చిరునామా ఖాళీగానే ఉన్నాయి, బటన్ మాత్రం వెలిగిపోయింది! సరే అని ప్రతి ఫీల్డుకీ ఒక ఫ్లాగ్, అంటే నిండిందా లేదా అన్న గుర్తు, పెడతారు. రాసింది చెరిపేస్తే? అందుకో ఇఫ్ షరతు. చెరిపి మళ్లీ రాస్తే? ఇంకో ఇఫ్. చివరికి మూడు ఫీల్డుల ఫారమ్‌కి పేజీడు కోడ్ అవుతుంది, అయినా ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది.

క్లాసులో పిల్లలందరూ ఉన్నారో లేదో మాస్టారికి తెలియాలనుకోండి. తలుపు దగ్గర నిలబడి లోపలికి వచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఒకడు మంచినీళ్లకని బయటికెళ్లి మళ్లీ వస్తే ఇద్దరైపోతాడు. అలా కాకుండా హాజరు పట్టీ తీసి పేర్లు పిలిస్తే? ఎవరు ఎప్పుడొచ్చారు, ఎన్నిసార్లు బయటికెళ్లారు అన్న గొడవే ఉండదు. ఈ క్షణంలో బెంచీ మీద ఎవరున్నారన్నదే లెక్క.

మన కోడ్ కూడా హాజరు పిలవాలి. ఏ ఫీల్డులో ఏం మారినా సరే, మూడింటినీ మొదటినుంచి మళ్లీ చూడాలి. పాత లెక్క ఏదీ దాచుకోకూడదు. వంద ఫీల్డులున్నా ఈ పని కంప్యూటర్‌కి రెప్పపాటు కూడా పట్టదు కాబట్టి స్పీడ్ గురించి టెన్షన్ వద్దు.

[స్క్రీన్ మీద: ఒకే ఒక ఫంక్షన్, పేరు ‘హాజరు’.]

రాద్దాం. రిక్వయిర్డ్, అంటే తప్పనిసరి అన్న గుర్తు, ఉన్న ఫీల్డులన్నీ క్వెరీసెలెక్టర్ఆల్‌తో తెచ్చుకోండి. అది ఇచ్చేది అసలైన అరే (జావాస్క్రిప్ట్ జాబితా) కాదు, అన్నీ షరతుకి సరిపోతున్నాయా అని చూసే ఎవ్రీ మెథడ్ దానికి ఉండదు. అందుకే అరే.ఫ్రమ్‌తో మార్చుకోవాలి. తర్వాత ఎవ్రీతో ఒకటే ప్రశ్న: ప్రతి ఫీల్డులో విలువ ఉందా? జవాబు ట్రూ లేదా ఫాల్స్. దాన్ని తిరగేసి నేరుగా బటన్ డిసేబుల్డ్ ప్రాపర్టీకి ఇచ్చేయండి. ఇఫ్ అక్కర్లేదు, ఎల్స్ అక్కర్లేదు. ఇఫ్‌తో రాసేవాళ్లు ఎనేబుల్ చేయడం గుర్తుపెట్టుకుని, మళ్లీ డిసేబుల్ చేయడం మర్చిపోతారు. ఇలా రాస్తే మర్చిపోవడానికి చోటే లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరు సెట్ఆట్రిబ్యూట్ వాడి డిసేబుల్డ్‌కి ఫాల్స్ అని రాస్తారు. బటన్ కదలదు. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో డిసేబుల్డ్ అనే ఆట్రిబ్యూట్ ఉంటే చాలు, దాని విలువ ఏమిటన్నది బ్రౌజర్ పట్టించుకోదు. ప్రాపర్టీనే మార్చండి.

ఇప్పుడు ఖాళీ స్పేసుల సంగతి. పేరు ఫీల్డులో స్పేస్ బార్ నాలుగుసార్లు కొడితే విలువ ఉన్నట్టే లెక్క. పిల్లాడు రాకుండా బెంచీ మీద బ్యాగు మాత్రం పెట్టి వెళ్లినట్టు. బ్యాగుకి హాజరు వేయకూడదు కదా? అందుకే విలువని ట్రిమ్ చేశాకే, అంటే ముందూ వెనకా ఉన్న స్పేసులు తీసేశాకే చూడాలి. హెచ్‌టీఎంఎల్ రిక్వయిర్డ్ కూడా మామూలు టెక్స్ట్ ఫీల్డులో ఈ స్పేసులను పట్టుకోదు. ఇది తెలియక చాలామంది రిక్వయిర్డ్ పెట్టేశాం, అంతా అయిపోయిందనుకుంటారు.

మరి హాజరు ఎప్పుడు పిలవాలి? అసలు తేడా ఇక్కడే వస్తుంది. ఈవెంట్ అంటే ఏదో జరిగిందని బ్రౌజర్ ఇచ్చే కబురు. చాలామంది కీఅప్ ఈవెంట్ పట్టుకుంటారు. అది కీబోర్డు మీద వేలు లేచినప్పుడే వస్తుంది. మౌస్‌తో రైట్ క్లిక్ చేసి పేస్ట్ చేస్తే కీ ఎక్కడ లేచింది? బ్రౌజర్ ఆటోఫిల్‌తో చిరునామా నింపేస్తే? ఫోన్‌లో మాట్లాడి టైప్ చేయిస్తే? వీళ్లంతా వెనక తలుపులోంచి వచ్చి కూర్చున్నవాళ్లు. మాస్టారు ముందు తలుపే చూస్తుంటే మూడు ఫీల్డులూ నిండి ఉన్నా బటన్ బూడిదరంగులోనే ఉండిపోవచ్చు. నింపిన మనిషికి ఏం చేయాలో తోచదు. పోనీ చేంజ్ ఈవెంట్ వాడదామంటే, టెక్స్ట్ ఫీల్డులో అది సాధారణంగా కర్సర్ బయటికి వెళ్లాకే వస్తుంది. ఆఖరి ఫీల్డు నింపినవాళ్లు బయట ఎక్కడైనా నొక్కితే తప్ప బటన్ వెలగదు.

మనకు కావాల్సింది ఇన్‌పుట్ ఈవెంట్. టైప్ చేసినా, పేస్ట్ చేసినా, కట్ చేసినా, లాగి వదిలినా అది వస్తుంది. పైగా అది పైకి బబుల్ అవుతుంది, అంటే ఫీల్డు నుంచి దాన్ని చుట్టి ఉన్న ఫారమ్‌కీ చేరుతుంది. కాబట్టి మొత్తం ఫారమ్‌కి ఒక్క లిజనర్ (ఈవెంట్ వినే ఫంక్షన్) పెడితే చాలు. రేపు నాలుగో ఫీల్డు కలిపినా లిజనర్‌ని ముట్టుకోనక్కర్లేదు.

అయినా ఇన్‌పుట్ ఈవెంట్‌కి అందనివి కొన్ని ఉన్నాయి. మాస్టారు వచ్చేసరికే కూర్చుని ఉన్న పిల్లల్లాగా, పేజీ తెరుచుకునేసరికే ఫీల్డుల్లో విలువలు ఉండొచ్చు. బ్యాక్ బటన్ నొక్కి వెనక్కి వచ్చినప్పుడు ఇలా అవుతుంది. ఫైర్‌ఫాక్స్ అయితే రీలోడ్ తర్వాత బటన్ డిసేబుల్డ్ స్థితిని కూడా గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి పేజీ కనిపించినప్పుడు వచ్చే పేజ్‌షో ఈవెంట్‌లో హాజరు ఒకసారి పిలవండి. రీసెట్ బటన్ ఉంటే, రీసెట్ ఈవెంట్ వచ్చే సమయానికి ఫీల్డులు ఇంకా ఖాళీ అయి ఉండవు. పనిని కాస్త ఆగి చేయించే సెట్‌టైమౌట్‌లో సున్నా ఇచ్చి, ఆ వెంటనే పిలవాలి. మీ కోడే ఏదైనా ఫీల్డులో విలువ రాస్తే ఇన్‌పుట్ ఈవెంట్ రాదు, అక్కడా మీరే పిలవాలి.

[స్క్రీన్ మీద: టైమర్. రెండు నిమిషాలు.]

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఈమెయిల్ ఫార్మాట్ లాంటివి కూడా చూడాలంటే మ్యాచెస్ మెథడ్‌తో ఫారమ్ వ్యాలిడ్ సూడో క్లాస్‌లో (ఫీల్డులన్నీ సరిగ్గా ఉంటే ఫారమ్‌కి బ్రౌజర్ ఇచ్చే గుర్తు) ఉందా అని అడగండి. చెక్‌వ్యాలిడిటీ కూడా చెబుతుంది కానీ, తప్పున్న ప్రతి ఫీల్డు మీదా ఇన్‌వ్యాలిడ్ ఈవెంట్ లేపుతుంది. ఎర్ర మెసేజ్‌లు ఆ ఈవెంట్‌కి కట్టి ఉంటే, మనిషి మొదటి అక్షరం కొట్టగానే ఫారమ్ అంతా ఎర్రబడుతుంది.

డిసేబుల్ అయిన బటన్ మీదికి ట్యాబ్ కీతో వెళ్లలేం. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ట్యాబ్ నొక్కుకుంటూ వెళ్తే అక్కడ బటన్ ఉన్న సంగతే తెలియకపోవచ్చు. ఎంటర్ కొట్టినా ఫారమ్ వెళ్లదు, ఎందుకు వెళ్లలేదో ఎవరూ చెప్పరు. నా ఉద్దేశంలో రెండు మూడు ఫీల్డులు కంటి ముందే ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగుంటుంది. స్క్రోల్ చేయాల్సినంత పొడుగు ఫారమ్‌లో వద్దు. అక్కడ బటన్ నొక్కనివ్వండి, నొక్కాక ఖాళీగా ఉన్న మొదటి ఫీల్డు దగ్గరికి తీసుకెళ్లి ఏం కావాలో మాటల్లో చెప్పండి. డిసేబుల్ చేసి తీరాలంటే పక్కనే ‘ఫోన్ నంబర్ ఇంకా ఇవ్వలేదు’ అని ఒక లైను రాయండి.

ఆఖరిది. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి ఆ డిసేబుల్డ్ తీసేయడానికి ఒక్క క్షణం చాలు. అందుకే ఇవే షరతులు సర్వర్‌లో మళ్లీ చూడాలి, అక్కడ కూడా ట్రిమ్ చేసే చూడాలి. ఆ కోడ్ వచ్చే వీడియోలో రాద్దాం.