గోడ మీది కవ్వం

శ్రోతలకు నమస్కారం.

మద్రాసు పశ్చిమ మాంబళంలో మాదొక రెండు గదుల ఫ్లాట్. హాల్లో టీవీ పక్కన కవ్వం వేలాడుతుంటుంది. మా అమ్మమ్మది. వచ్చినవాళ్లు “భలే ఉందండీ, ఎక్కడ కొన్నారు?” అంటారు. దాన్ని అంత కొత్తగా చేసిన ఘనత నాదే.

ఊళ్లో ఇల్లు అమ్మినప్పుడు అటక మీద దొరికింది. కర్రకు తాడు చుట్టి, రెండు కొసలూ చెరో చేత్తో లాగుతూ చల్ల చిలికేవారు. ఏళ్లపాటు తాడు ఒరుసుకుని కర్ర నడుమున వేలు పట్టేంత గాడి పడింది. నల్లగా, అద్దంలా నున్నగా ఉండేది. జిడ్డుగా ఉందని ఓ పాలిష్ దుకాణంలో ఇచ్చాను. గరుకు కాగితంతో రుద్ది, గాడిని లప్పంతో పూడ్చి, వార్నిష్ కొట్టిచ్చారు. వాళ్లననేం లాభం? కొత్తదానిలా చెయ్యమన్నది నేనేగా!

అప్పట్నుంచీ పాత సామాను కనబడితే ముందు అరుగుదల చూస్తాను. రోకలి నడుమున చెయ్యి పట్టిన చోట సన్నబడిందా, తిరగలి పిడి నున్నబడిందా అని. అమ్మేవాళ్లు ‘యాంటిక్’ అని ధర పెంచితే బెదరకండి. 1972 నాటి చట్టం లెక్కన ఇలాంటి వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం 100 ఏళ్లుండాలి.

కొలపాత్రలు మాత్రం వరసగా పెడితేనే అందం. 4 గిద్దెలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 2 మానికలు అడ్డ, 2 అడ్డలు కుంచం. మా షెల్ఫులో అడ్డ ఒక్కటే లేదు. దానికోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను. కుంచానికి 64 గిద్దెలని మా అబ్బాయి ఫోన్ తియ్యకుండానే చెప్పాడు, అదో సంతోషం.

ఇలాంటివి ఇంట్లో ఎలా అమరేవో చూడాలంటే మద్రాసు దాటాక ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో దక్షిణచిత్ర అని పాతకాలపు ఇళ్ల మ్యూజియం ఉంది. 1996లో తెరిచారు. అక్కడ మన ఆంధ్రా ఇళ్లూ ఉన్నాయి. వస్తువు గాజు పెట్టెలో కన్నా వంటింటి మూల ఉంటేనే దాని సంగతి తెలుస్తుంది.

మనది ఉప్పుగాలి ఊరు. ఇనుముకు కుట్టుమిషను నూనె పల్చగా రాసి తుడిస్తే తుప్పు తగ్గుతుంది. చెక్కను ఎండలో పెట్టకండి, బీటలిస్తుంది. తడిగుడ్డా వద్దు.

ఆవకాయ కత్తిపీటకు మాత్రం నూనె రాయం. ఏడాదంతా షెల్ఫు మీదే ఉన్నా, మే నెల వచ్చిందంటే కిందికి దిగుతుంది. టెంకతో సహా కాయ కొట్టడానికి మా అపార్టుమెంటులో మరో కత్తి లేదు. పోయినేడు మూడో అంతస్తు పిన్నిగారు పట్టుకెళ్లి, పదిహేను రోజులకు గానీ తిరిగివ్వలేదు.