తొలి భార్య పేరున మోగిన ఫోను

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్లలో ఒక సంబంధం వచ్చిందంటే ఎంత ఆరా తీస్తారో మీకు తెలియనిది కాదు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు. పిల్లవాడి మేనమామలు ఎవరు, ఊళ్లో మాట ఎలా ఉంది, అప్పులేమైనా ఉన్నాయా అని కనుక్కు రావడానికి ఎవరో ఒక బాబాయి బస్సెక్కి వెళతాడు. అలాంటి బాబాయి లేకుండా జరిగిన ఒక పెళ్లి గురించి ఈ రోజు చెబుతాను. డాఫ్నే డు మోరియే అనే ఇంగ్లిషు రచయిత్రి 1938లో ప్రచురించిన ‘రెబెక్కా’ నవలలోని పెళ్లి అది. చివరి రహస్యం కూడా చెప్పేస్తాను కనుక, ఇంకా చదవనివారు నన్ను మన్నించాలి.

కథ చెప్పే అమ్మాయికి నవల మొత్తంలో పేరే లేదు. తల్లీ తండ్రీ లేరు. ఏడాదికి 90 పౌన్ల జీతానికి ఒక అమెరికన్ ధనికురాలికి తోడుగా ఉంటూ, ఆమెతో పాటు మాంటీ కార్లోలోని హోటల్లో దిగింది. అక్కడ మాక్సిమ్ డి వింటర్ పరిచయమవుతాడు. నలభై దాటినవాడు, భార్యను పోగొట్టుకున్నవాడు, సముద్రతీరాన మాండర్లీ అనే పెద్ద భవనానికి యజమాని. యజమానురాలు జ్వరంతో మంచం పట్టిన కొద్ది రోజులూ ఈ ఇద్దరూ కారులో షికార్లు తిరుగుతారు. ఇంతలో యజమానురాలు ఉన్నట్టుండి న్యూయార్క్ ప్రయాణం కట్టమంటుంది. వీడ్కోలు చెప్పడానికి అమ్మాయి పరుగెత్తుకు వెళితే, ఆయన ఉదయపు ఫలహారం ముందు కూర్చుని పెళ్లి మాట ఎత్తుతాడు. ఆవిడకు తోడుగా ఉండే బదులు నాకు తోడుగా ఉంటావు, పనులు దాదాపు అవే, టీ పోసిచ్చే మనిషి నాకూ కావాలి అంటాడు. ప్రేమ అన్న మాట ఆయన నోట రాదు. కాసేపటికి, ఈ కమలా తొన పుల్లగా ఉంది, తినకు అంటాడు. నాకు ఈ నవలలో మొదట ఒళ్లు జలదరించిన చోటు అదే. పెళ్లి నిశ్చయమైన పూట అమ్మాయికి దక్కిన తియ్యని మాట అది!

మన బాబాయి చేయవలసిన పని ఆ ఘడియలో ఒక్క మనిషే చేస్తుంది, అదీ ఆ నోటిదురుసు యజమానురాలు. నిన్ను ప్రేమించి చేసుకుంటున్నాడని అనుకోకు, ఖాళీ ఇంట్లో ఒంటరిగా ఉండలేక చేసుకుంటున్నాడు అని ముఖం మీదే చెబుతుంది. ఆమె మాట విన్న పాఠకులందరికీ ఒళ్లు మండుతుంది. ఆమె చెప్పినదానిలో సగం నిజమని మనకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

మాండర్లీలో దయ్యం లేదు. ఉన్నదల్లా చనిపోయిన మొదటి భార్య రెబెక్కా చేతిరాత, ఆమె వాడిన బల్ల, ఆమె ఏర్పరచిన వేళలు, వాటన్నిటికీ కాపలాగా ఇంటి పెత్తనం చూసే మిసెస్ డాన్వర్స్. కొత్త కోడలు మొదటి ఉదయం ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఫోను మోగుతుంది. మిసెస్ డి వింటర్ ఉన్నారా అని అవతలి గొంతు. ఈ పిల్ల తడబడి, పొరపాటు పడ్డారు, ఆవిడ పోయి ఏడాది దాటింది అని జవాబు చెబుతుంది. ఆ మిసెస్ డి వింటర్ తానేనని ఫోను పెట్టేశాక గాని తోచదు. ఆ తర్వాత ఒక రోజు చెయ్యి తగిలి పింగాణీ బొమ్మ పగిలితే, ముక్కలు ఏరి సొరుగులో దాచిపెడుతుంది. తన సొంత ఇంట్లో! దొంగతనం నింద ఒక నౌకరు మీదికి వచ్చాక గాని సంగతి బయటపడదు. మెట్టినింట మొదటి నెలలు గుర్తున్న స్త్రీలకు ఈ సొరుగు గురించి నేను వివరించనక్కరలేదు.

డు మోరియే ఈ భయాన్ని ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోలేదు. 1932లో ఫ్రెడరిక్ బ్రౌనింగ్ అనే సైనికాధికారిని, పరిచయమైన కొద్ది నెలలకే పెళ్లాడింది. ఆయనకు అంతకు ముందు మరొక యువతితో నిశ్చయమై తప్పిపోయిన సంబంధం ఉండేది, ఆ యువతి తలపు డు మోరియేను చాలాకాలం వదలలేదు. 1937లో భర్త ఉద్యోగరీత్యా ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉంటూ, అక్కడి ఎండకు విసిగి, ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరం మీద బెంగతో ఈ నవల మొదలుపెట్టింది. ఆ తీరాన మెనాబిల్లీ అనే పాత భవనం ఒకటి ఉంది, మాండర్లీకి చాలావరకు అదే ఆధారం. పుస్తకం వచ్చిన కొన్నేళ్లకు, 1943లో, ఆ ఇంటినే కౌలుకు తీసుకుని అందులో కాపురం పెట్టింది.

ఇక రహస్యం. సముద్రం అడుగున రెబెక్కా పడవ దొరుకుతుంది, అందులో ఆమె శవం. అప్పుడు మాక్సిమ్ నోరు విప్పుతాడు: రెబెక్కాను తానే తుపాకీతో కాల్చి చంపాడు, ఆమెను ఎన్నడూ ప్రేమించలేదు. కట్టుకున్నవాడు హంతకుడని విన్న పిల్ల ఏం చేయాలి? ఈమె గుండె తేలికపడుతుంది! హత్య అన్న మాట పక్కకు జారిపోయి, ఆమెను ప్రేమించలేదన్న మాట ఒక్కటే చెవిలో నిలుస్తుంది. ఇంకా విచిత్రం, మనమూ ఆమెతో పాటే ఊపిరి పీల్చుకుంటాం. విచారణలో ఆయన బయటపడాలని కోరుకుంటూ పేజీలు తిప్పుతాం. మొదటిసారి చదివినప్పుడు ఆ సంగతి గమనించనేలేదు, రెండోసారి నా మీద నాకే అనుమానం వేసింది.

ఈ నవల ఆధారంగా 1940లో దర్శకుడు హిచ్‌కాక్ తీసిన చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది గాని, భార్యను చంపినవాడు శిక్ష తప్పించుకోవడం నాటి హాలీవుడ్ నియమావళికి కుదరదు. అందువల్ల హత్యను ప్రమాదంగా మార్చారు. నవలలోని విషపు కోర అక్కడే ఊడిపోయిందని నా అభిప్రాయం. ఇదే కథ ఆధారంగా 1964లో హిందీలో ‘కోహ్‌రా’ వచ్చింది. ‘ఏరువాక సాగారో’ పాటలో మన ముందు చిందులేసిన వహీదా రెహమాన్ అందులో భయపడే కొత్త పెళ్లికూతురు.

నవల చివర మాండర్లీ తగలబడుతుంది. కాని ఆ తర్వాత వాళ్లు ఎలా బతుకుతున్నారన్నది రచయిత్రి ముందే, మొదటి అధ్యాయాల్లోనే చెప్పేసింది. పరదేశంలో, హోటళ్లలో ఉంటారు. సాయంత్రం ఇద్దరికీ రొట్టె ముక్కలు, వెన్న, టీ వస్తాయి. ఇంటి ఊసు తెచ్చే వార్త ఏదీ ఆయన చెవిన పడకుండా ఆమె చూసి చూసి ఏరి, ఇంగ్లండు నుంచి వచ్చిన పత్రికలో క్రికెట్ స్కోర్లు చదివి వినిపిస్తుంది.