వందేళ్ల వరద ఎన్నేళ్లకొకసారి?

శ్రోతలకు నమస్కారం.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. నిజమే. కానీ ఆ సామెతలో రెండో సగాన్ని నమ్ముకుని బతికే వ్యాపారం ఒకటుంది. అదే జీవిత బీమా. ఫలానా మనిషి ఎప్పుడు పోతాడో బీమా కంపెనీకి తెలియదు. నలభై ఏళ్ల వయసున్న లక్షమందిలో ఈ ఏడాది సుమారు ఎంతమంది పోతారో మాత్రం దానికి బాగా తెలుసు. ప్రీమియం కట్టించుకునేది ఆ లెక్క మీదే. సామెతలో మొదటి సగానికీ అలాంటి లెక్క ఉంది. నదికి వరద ఏ తేదీన వస్తుందో ఏడాది ముందు ఎవరూ చెప్పలేరు. ఇంత పెద్ద వరద సగటున ఎన్నేళ్లకొకసారి వస్తుందంటే మాత్రం చెప్పడానికి ప్రయత్నించవచ్చు. వంతెన ఎంత ఎత్తున కట్టాలి, ఆనకట్టకి ఎన్ని గేట్లు పెట్టాలి, నది పక్క ఏ భూమిలో ఇళ్లు కట్టనివ్వకూడదు అన్నవన్నీ ఆ జవాబు మీదే ఆధారపడతాయి. ఆ జవాబు ఎలా పుడుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఇవాళ చెప్పుకుందాం.

ముందుగా ఒక అపోహ సంగతి చూద్దాం. వరద వచ్చినప్పుడల్లా "ఇది వందేళ్ల వరద" అన్న మాట వింటూంటాం. వినగానే మనసు దాన్ని పంచాంగంలా అర్థం చేసుకుంటుంది: ఇప్పుడొచ్చింది కాబట్టి ఇక మన మనవల కాలానికే మళ్లీ వస్తుందని. ఈ పేరు పెట్టినవాళ్లు మనకి మేలు చేయలేదని నా అభిప్రాయం. ఏ ఒక్క ఏడాదిలోనైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశమున్న వరద అని మాత్రమే దాని అర్థం.

ఒక సంచిలో వంద గోళీలున్నాయనుకోండి. 99 తెల్లవి, ఒకటి ఎర్రది. ఏడాదికి ఒకసారి కళ్లు మూసుకుని ఒక గోళీ తీస్తాం, చూస్తాం, మళ్లీ సంచిలోనే వేసేస్తాం. ఈ ఏడాది ఎర్రది వచ్చినా వచ్చే ఏడాది అది సంచిలోనే ఉంటుంది. కాబట్టి వరసగా రెండేళ్లూ రావచ్చు. వందేళ్లపాటు తీస్తూ పోయినా ఒక్కసారీ రాకపోయే అవకాశం 37 శాతం దాకా ఉంది. నది పక్క ఇల్లు కొని ముప్పై ఏళ్లు కాపురం చేస్తే ఆ కాలంలో కనీసం ఒక్కసారైనా ఎర్రగోళీ చూసే అవకాశం 26 శాతం, అంటే నాలుగింట ఒక వంతుకి కాస్త ఎక్కువే. యాభై ఏళ్లు నిలవాల్సిన వంతెనని సరిగ్గా యాభై ఏళ్ల వరదకే కట్టారనుకోండి. దాని ఆయుష్షులో అంతకు మించిన వరద ఎదురయ్యే అవకాశం 64 శాతం. వినడానికి సరిపోలినట్టుండే ఆ రెండు యాభైలు నిజానికి ఒకదాన్నొకటి కాపాడవు.

పైగా ప్రతి నదికీ దాని సంచి దానిదే. లోకంలో నదులు వేలల్లో ఉన్నాయి. అందుకని ఎక్కడో ఒకచోట ఏటా వందేళ్ల వరద రావడం వింతేమీ కాదు. రాకపోతేనే వింత.

సరే, సంచిలో ఎర్రగోళీ ఒకటే ఉందని ఎవరు చెప్పారు? మూత తీసి లెక్కపెట్టే వీలు లేదు కదా! గతంలో ఏయే గోళీలు వచ్చాయో రాసిపెట్టుకుని, దాన్నిబట్టి లోపల ఏముందో ఊహించాలి. ఆ రాసిపెట్టుకునే పని గేజి దగ్గర, అంటే నదిలో నీటిని కొలిచే చోట జరుగుతుంది.

నీటిమట్టాన్ని కొలవడం తేలిక. అడుగులో, మీటర్లో గుర్తులు వేసిన కొలబద్ద ఒకటి చాలు. ఇప్పుడైతే రాడార్లూ, నీటి పీడనాన్ని గ్రహించే పరికరాలూ పావుగంటకోసారి ఆ మట్టాన్ని దూరాన ఉన్న కార్యాలయానికి పంపేస్తున్నాయి. అయితే మట్టం వేరు, ప్రవాహం వేరు. ఒకే పదడుగుల ఎత్తున ఇరుకు లోయలో పోయే నీరు వేరు, విశాలమైన మైదానంలో పోయే నీరు వేరు. మనకి కావలసింది సెకనుకి ఎన్ని ఘనపు మీటర్ల నీరు పోతోందన్న అంకె. క్యూసెక్కులంటే అదే లెక్క ఘనపుటడుగుల్లో. ఒక ఘనపు మీటరు సుమారు 35 ఘనపుటడుగులు.

ఆ అంకె కోసం నది వెడల్పుని ఇరవై ముప్పై ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క దగ్గర లోతు చూసి, చిన్న గిన్నెలు తిరిగే కరెంట్ మీటర్‌ని నీళ్లలోకి దించుతారు. అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందన్నదాన్నిబట్టి వేగం తెలుస్తుంది. ఎక్కడ దించాలన్నదానికీ ఒక పద్ధతుంది. నీరు అడుగున నెమ్మదిగా, పైన చురుగ్గా పోతుంది కాబట్టి, పైనుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర కొలిస్తే దాదాపు సగటు వేగం దొరుకుతుంది. ఇప్పుడు పడవకి కట్టిన పరికరం ధ్వని తరంగాలు పంపి ఈ పని నిమిషాల్లో ముగిస్తోంది. అమెరికాలో ఈ విద్యని పద్ధతిగా నేర్పడానికి రియో గ్రాండే నది ఒడ్డున ఎంబుడో అనే చోట శిబిరం పెట్టి, 1889లో ఆ దేశపు భూగర్భ సర్వే సంస్థ తన మొట్టమొదటి గేజి కేంద్రాన్ని నెలకొల్పింది.

రోజూ ఇంత శ్రమ ఎవరూ పడలేరు. అందుకని ఒక ఉపాయం చేస్తారు. నీళ్లు తక్కువున్నప్పుడూ, మధ్యస్థంగా ఉన్నప్పుడూ, ఎక్కువున్నప్పుడూ కొన్నిసార్లు ప్రవాహం కొలిచి, ఆ వేళకున్న మట్టంతో జతచేసి కాగితం మీద చుక్కలు పెడతారు. వాటి గుండా ఒక గీత గీస్తారు. దీన్ని రేటింగ్ కర్వ్ అంటారు. ఆ తర్వాత మట్టం చూస్తే చాలు, గీతే ప్రవాహం చెబుతుంది.

అసలు చిక్కంతా ఈ గీత పైకొస దగ్గరే ఉంది. ఇక్కడ కాస్త ఆగుదాం.

వరద పతాక స్థాయికి వచ్చేది అర్ధరాత్రి కావచ్చు. చిన్న నదికైతే ఆ ఉధృతి గంటలో దాటిపోతుంది. దారులు మునిగి ఉంటాయి. కొట్టుకొచ్చే చెట్లు మీటర్‌ని లాక్కుపోతాయి. పడవ దిగడం ప్రాణాలతో చెలగాటం. కొన్నిసార్లు గేజే కొట్టుకుపోతుంది. ఫలితంగా గీతలో చుక్కలన్నీ కింద గుంపుగా ఉంటాయి, పైన ఖాళీ. మనకి అన్నిటికంటే ముఖ్యమైన వరద ఆ ఖాళీలోకే వస్తుంది. అప్పుడు గీతని అదే వంపులో పైకి పొడిగించి "ఇంత ప్రవాహం" అని రాసేస్తారు. పుస్తకంలో ఆ అంకె మిగతా అంకెల్లాగే గంభీరంగా కూర్చుంటుంది. అది కొలత కాదు, ఊహ అని చూసేవాడికి తెలియదు.

వరద తీశాక చేసే పని ఇంకొకటుంది. పొదల్లో చిక్కుకున్న గడ్డి, గోడల మీద బురద చార, చెట్ల బెరడు ఒరుసుకుపోయిన ఆనవాళ్లు పట్టుకుని, నీరు ఎంత ఎత్తున ఎంత వాలుతో పారిందో సర్వే చేస్తారు. ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో ప్రకటించిన సూత్రంలో ఆ వివరాలు వేస్తే ప్రవాహం వస్తుంది. (ఎంబుడో గేజీ ఆ ఏడాదిదే, యాదృచ్ఛికంగా.) అయితే ఆ సూత్రంలో నదీగర్భం ఎంత గరుకుగా ఉందో చెప్పే అంకె ఒకటి కావాలి. అది చాలావరకు కంటి అంచనా. 0.03 అనాల్సిన చోట 0.04 అనుకుంటే ప్రవాహం ఏకంగా పావు వంతు తగ్గిపోతుంది. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే ఒడ్డున నిలబడి ఆ రెండంకెలూ చెప్పడం అసాధ్యమేమీ కాదు.

ఇలా పోగైన రికార్డులోంచి ప్రతి ఏడాదీ వచ్చిన ప్రవాహాల్లో అన్నిటికంటే పెద్దది ఒక్కటే ఏరతారు. 49 ఏళ్ల రికార్డుంటే 49 అంకెలు. పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసలో పెడతారు. ఏళ్ల సంఖ్యకి ఒకటి కలిపి వరస సంఖ్యతో భాగిస్తే సగటున ఎన్నేళ్లకొకసారో వస్తుంది. మొదటిది 50ని ఒకటితో భాగిస్తే యాభై ఏళ్ల వరద. అయిదోది 50ని అయిదుతో భాగిస్తే పదేళ్ల వరద. ఇంతే. కాగితం, పెన్సిలు చాలు.

కానీ అడిగేది వందేళ్ల వరద, ఉన్నది 49 ఏళ్ల లెక్క. ఇక్కడ కూడా ఆ అంకెల్ని చుక్కలుగా పెట్టి, వాటి గుండా గీసిన గీతని పొడిగించాల్సిందే. అది ఏ ఆకారంలో వంగాలన్నది గణితం నిర్ణయిస్తుంది. ఈ గణితానికి పునాది వేసినవారిలో ఎమిల్ గుంబెల్ ఒకరు. ఆయన కథ వేరే ప్రసంగానికి సరిపడేంత ఉంది. మ్యూనిక్‌లో పుట్టిన ఈ గణితశాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో జరిగిన రాజకీయ హత్యల్ని లెక్కగట్టి, 354 రైటిస్టులు చేసినవి, 22 వామపక్షీయులు చేసినవి అని 1922లో బయటపెట్టారు. అధికారంలోకి రాబోతున్నవాళ్లకి ఆ లెక్క నచ్చలేదు. హైడెల్‌బర్గ్‌లో ఉద్యోగం పోయింది. ఫ్రాన్స్ వెళ్లారు, అక్కణ్ణుంచి 1940లో అమెరికా చేరారు. ఆ మరుసటి ఏడాదే నదీ వరదలు ఎన్నేళ్లకొకసారి తిరిగి వస్తాయన్న విషయం మీద పరిశోధన పత్రం ప్రచురించారు. అమెరికా ప్రభుత్వ సంస్థలు వరద లెక్కలకి ఇంకో ఆకారాన్ని, లాగ్ పియర్సన్ మూడో రకాన్ని వాడతాయి. మరికొన్ని దేశాలు మరికొన్ని ఆకారాలు ఎంచుకున్నాయి. అవే 49 అంకెలకి మూడు ఆకారాలు అతికిస్తే, పదేళ్ల వరద దగ్గర మూడూ ఇంచుమించు ఒకే మాట చెబుతాయి. అయిదువందల ఏళ్ల వరద దగ్గరికి వచ్చేసరికి మూడూ మూడు దారులు పడతాయి.

రికార్డు ఎన్నాళ్లదన్నదే కాదు, ఏ కాలానిదన్నదీ ముఖ్యమే. కాలిఫోర్నియాలో శాక్రమెంటో నగరం దగ్గర అమెరికన్ రివర్ అని ఒక నది ఉంది. దాని ప్రవాహం లెక్కలు 1905 నుంచి ఉన్నాయి. నగరానికి వరద రక్షణగా కట్టిన ఫాల్సమ్ డ్యాం 1956లో పూర్తయింది. ఆ డ్యాంకి లెక్కలు వేసింది అంతకుముందు దశాబ్దాల రికార్డు చూసి. ఆ తర్వాత చూస్తే ఇరవయ్యో శతాబ్దపు అతి పెద్ద వరదలు 1950, 1955, 1964, 1986, 1997లలో వరసకట్టాయి, అంటే శతాబ్దపు రెండో సగంలోనే. లెక్క వేసినవాళ్లు తప్పు చేయలేదు. వాళ్ల చేతికి దొరికినవి తెల్లగోళీలు, అంతే.

ఇది ఆ ఒక్క నది గొడవ కాదు. కైరోలో రోడా దీవి మీదున్న కొలస్తంభం పుణ్యమా అని నైలు నది మట్టాలకి ఏడో శతాబ్దం నుంచీ, మధ్యమధ్య ఖాళీలున్నా, లెక్కలు దొరుకుతాయి. ఈజిప్టులో దశాబ్దాలపాటు పనిచేసిన బ్రిటిష్ జలశాస్త్రవేత్త హెరాల్డ్ హర్స్ట్ ఆ లెక్కలు శోధించి 1951లో ఒక సంగతి చూపించారు. నీళ్లు పొంగే ఏళ్లు పొంగే ఏళ్లతోనూ, ఎండే ఏళ్లు ఎండే ఏళ్లతోనూ గుంపులు కడుతున్నాయి. అంటే నది నాణెం ఎగరేసినంత నిష్పక్షపాతంగా ఏమీ లేదు. యాభై ఏళ్ల రికార్డు మొత్తం ఒకే గుంపులో పడితే మనకి తెలిసేదెలా?

పైగా సంచి కూడా మారుతోంది. ఎగువన డ్యాం కడితే ఆ తర్వాతి వరదల్ని ముందటి వరదలతో ఒకే వరసలో పెట్టకూడదు. పొలాలు నగరమైతే వాన నేలలోకి ఇంకకుండా గంటల్లో నదిలో పడుతుంది. గాలి వేడెక్కేకొద్దీ, డిగ్రీకి సుమారు ఏడు శాతం చొప్పున, ఎక్కువ తేమ మోయగలదు. మంచు కరిగి వచ్చే వరదా తుపాను వానకి వచ్చే వరదా ఒకే నదిలో కనిపించినా, అవి రెండు వేరువేరు సంచుల్లోవి. వీటిని విడదీయకుండా ఒక్క గీత గీసేస్తే గీత అందంగానే ఉంటుంది, అంకె మాత్రం అబద్ధమాడుతుంది.

అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు గేజికి ముందు కాలంలోకి కూడా తొంగి చూస్తారు. కొండ లోయల్లో నది పక్క గుహల్లో, వాగు మొగల్లో నీరు నెమ్మదించిన చోట పాత వరదలు వదిలిన ఒండ్రు పొరల్ని వెతుకుతారు. అందులో చిక్కిన బొగ్గుకి, ఆకులకి వయసు కట్టి వేల ఏళ్ల కిందటి వరదల్ని లెక్కలోకి తెస్తారు. ఊళ్ల గోడల మీద మనుషులు గీసిన గీతలూ పనికొస్తాయి.

జర్మనీలో పసావు అనే ఊరుంది. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ అనే మూడు నదులు అక్కడ కలుస్తాయి. పురభవనం గోడ మీద శతాబ్దాల వరదల గుర్తులు ఏడాదులతో సహా చెక్కి ఉన్నాయి. 2013 జూన్‌లో నీరు 12.89 మీటర్ల మట్టానికి ఎక్కింది. గోడ మీద దానికన్నా పైన ఉన్నది 1501 నాటి గీత. రెంటికీ మధ్య 512 ఏళ్లు. ఈ రెండు గుర్తులతో వరద లెక్క కట్టబోతే మళ్లీ మొదటి ప్రశ్నే ఎదురవుతుంది. ఆ గీత ఎత్తు తెలుసు. ఆనాడు నది అడుగు ఎంత లోతున ఉందో, ఒడ్డున ఎన్ని గోడలు అడ్డున్నాయో, నీరు ఎంత వేగంతో పోయిందో మాత్రం ఎవరూ కొలవలేదు.