స్టాన్‌విక్ ఐదు డిస్కుల రివ్యూ: మూడు రోజులు ఒకే షాట్ దగ్గర ఆగిపోయా

నమస్తే అండి. ముందు అసలు విషయం చెప్పేస్తా. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ ఐదు డిస్కులు నేను కొన్నవి కావు. పాత ఇంగ్లీషు సినిమాల డిస్కులు బయటి నుంచి తెప్పించి అమ్మే ఒకాయన ఉచితంగా పంపారు. డబ్బులేం ఇవ్వలేదు. "వీడియో పెట్టేముందు ఒకసారి చూపిస్తారా" అని అడిగారు, కుదరదండీ అన్నాను. ఆయన పేరు చెప్పట్లేదు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అన్నీ ఒకే నటివి. బార్బరా స్టాన్‌విక్. మూడు బ్లూ-రేలు: ది లేడీ ఈవ్, డబుల్ ఇండెమ్నిటీ, ఫార్టీ గన్స్. రెండు డీవీడీలు: బేబీ ఫేస్, బాల్ ఆఫ్ ఫైర్. ఎక్స్‌ట్రాలేంటి, ఆడియో ఏ ఫార్మాట్, ఇవన్నీ ఈపాటికే ఎక్కడో చూసే ఉంటారు. మళ్ళీ చదివి మీ టైమ్ తినను.

ముందు నా కడుపుమంట. శనివారం రాత్రి భోజనాలయ్యాక లైట్లార్పి డిస్కు పెట్టా. ట్రే లోపలికెళ్ళింది, గిర్రున తిరిగింది, ఆగింది. ఈ డిస్కు మీ ప్రాంతంలో ఆడదు అని స్క్రీన్ మీద ఒక్క లైను. అవి అమెరికా డిస్కులు. డిస్కులకి ప్రాంతాల వారీగా రీజియన్ అని ఒక కోడ్ ఉంటుంది. వాళ్ళ బ్లూ-రే రీజియన్ ఏ, మనది సి. డీవీడీ అయితే వాళ్ళది 1, మనది 5. పంపినాయనకి ఫోన్ చేస్తే "మీ దగ్గర రీజియన్ ఫ్రీ ప్లేయర్ ఉంటుందనుకున్నానండి" అన్నారు. రివ్యూలు చేసేవాళ్ళ పెరట్లో ప్లేయర్లు కాస్తాయన్నట్టు! కొన్న డిస్కు కొన్నవాడింట్లో ఆడకుండా తాళం వేయాలని ఎవరికి తట్టిందో గానీ, వాళ్ళింట్లో ఫ్రిజ్‌కి కూడా అలాగే తాళం పడాలి. చివరికి ఒక ఫ్రెండ్ దగ్గర అలాంటి, ఏ రీజియన్ డిస్కైనా ఆడే ప్లేయర్ అరువు తెచ్చా. దాని రిమోట్‌లో పాజ్ బటన్ మూడుసార్లు నొక్కితే గానీ పనిచేయదు. ఆ పాజ్ బటన్ సంగతి గుర్తుంచుకోండి.

సరే, డబుల్ ఇండెమ్నిటీ. 1944 సినిమా, ఎనభై ఏళ్ళు దాటింది, కాబట్టి కథ చెప్పేశానని తిట్టొద్దు. ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు, ఒక ఇంటావిడ, ఆవిడ మొగుడు, ఆయన పేరు మీద ప్రమాద బీమా. మొగుణ్ణి చంపి, రైల్లోంచి పడి పోయాడని నమ్మించాలని ప్లాను. ఏజెంటు కారు వెనక సీటు ముందు నేల మీద దాక్కుంటాడు. ఆవిడ డ్రైవ్ చేస్తోంది, మొగుడు పక్కన. చీకటి వీధిలోకి తిప్పి హారన్ మూడుసార్లు కొడితే అదే సిగ్నల్.

హారన్ కొడుతుంది. ఏజెంటు లేస్తాడు. ఇక కెమెరా హత్య వైపు వెళ్ళదు. పెనుగులాట చప్పుడు పక్క నుంచి వినబడుతుంటుంది, మనకు కనిపించేది స్టాన్‌విక్ మొహం ఒక్కటే. ఆవిడ తల తిప్పదు. కళ్ళు రోడ్డు మీదే. రెప్ప వేయడానికి కూడా తొందరపడదు. చివర్లో పెదవుల దగ్గర ఏదో సద్దుకుంటుంది చూడండి, దాన్ని నవ్వు అనలేం. చాలాకాలంగా నలుగుతున్న లెక్క తేలినప్పుడు మనిషి మొహం అలా అవుతుంది. ఆ ముక్క ఎక్కడ మొదలవుతుందో పట్టుకుందామని పాజ్, రివైండ్, పాజ్. బటన్ పనిచేయక ప్రతిసారీ దాటిపోవడం. ఇలా మూడు రోజులు.

మూడో రోజు అమ్మ కాఫీ తీసుకొచ్చి నిలబడి చూసింది. "ఆవిడేం చేయట్లేదు కదరా, ఊరికే చూస్తోంది, దీనికి మూడు రోజులా?" అంది. అమ్మా, ఏం చేయట్లేదు కాబట్టే మూడు రోజులు. ఇదే షాట్ ఇంకొకరికి ఇస్తే కళ్ళు పెద్దవి చేసేవారు, పెదవి కొరికేవారు, స్టీరింగ్ గట్టిగా పట్టుకునేవారు. లోపల ఏం జరుగుతోందో మనకు చెప్పేసేవారు. ఈవిడ చెప్పదు.

ఇంతా చేసి ఆ పాత్ర వేయడానికి మొదట భయపడింది. డైరెక్టర్ బిల్లీ వైల్డర్ "నువ్వు ఎలుకవా, నటివా?" అన్నాడట. నటిననే అనుకుంటున్నా అంటే, అయితే చెయ్ అన్నాడు. ఈ సినిమాలో నాకు మింగుడుపడని వస్తువు ఒక్కటే, ఆ బంగారు రంగు విగ్గు. పారమౌంట్ స్టూడియోలో ప్రొడక్షన్ చూసే బడ్డీ డిసిల్వా అప్పటిదాకా తీసిన ముక్కలు చూసి, బార్బరా స్టాన్‌విక్‌ని తీసుకుంటే జార్జి వాషింగ్టన్ (బొమ్మల్లో జుట్టు విగ్గులా కనిపించే అమెరికా మొదటి అధ్యక్షుడు) వచ్చాడేంటి అన్నాడని చెబుతారు. హెచ్‌డీలో చూస్తే నిజమే అనిపిస్తుంది. పాత టీవీలో జుట్టులా కనిపించింది, ఇప్పుడు టోపీలా కనిపిస్తోంది. డిస్కు క్వాలిటీ బాగుందనడానికి ఇంతకన్నా రుజువు నా దగ్గర లేదు!

ఇంతకుముందు ఈ ఛానల్‌లో ఇంకో పాత హాలీవుడ్ నటి బెటీ డేవిస్ సెట్ రివ్యూ చేశా, గుర్తుండే ఉంటుంది. అప్పుడు కళ్ళ గురించే అరగంట మాట్లాడా. డేవిస్ వచ్చిందంటే గదిలో ఫ్యాను స్పీడు పెంచినట్టుంటుంది, మనకు తెలిసిపోతుంది. స్టాన్‌విక్‌తో ఆ గొడవ ఉండదు. సినిమా అయిపోయి పక్కేసుకున్నాక గుర్తొస్తుంది.

స్టాన్‌విక్‌కి ఇలా ఏదీ బయటపెట్టకపోవడం ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడ చిన్నతనం చూస్తే కొంత అర్థమవుతుంది. అసలు పేరు రూబీ స్టీవెన్స్. 1907లో బ్రూక్లిన్‌లో, ఐదుగురు పిల్లల్లో ఆఖరిది. నాలుగేళ్ళప్పుడు ట్రామ్ దిగబోతున్న తల్లిని తాగినవాడొకడు తోసేశాడు, ఆవిడ పోయింది. తండ్రి పనామా కాలువ తవ్వకానికి పనికి వెళ్ళి మళ్ళీ రాలేదు. అక్క మిల్‌డ్రెడ్ స్టేజీ మీద డాన్సులు చేస్తూ ఊళ్ళు తిరిగేది, ఈ పిల్ల ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. టీనేజీలోనే బడి మానేసి టెలిఫోన్ కంపెనీలో వారానికి 14 డాలర్లకు చేరింది. ఆ తర్వాత జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే పేరున్న పాటల, డాన్సుల స్టేజీ షోలో కోరస్ డాన్సర్. 1926లో న్యూయార్క్ నాటకాల అడ్డా బ్రాడ్‌వేలో ఒక నాటకంలో వేషం వచ్చినప్పుడు పేరు మార్చుకుంది. పరాయిళ్ళలో పెరిగిన పిల్లలకి మనసులోది మొహంలో పడకుండా దాచుకోవడం ముందే వచ్చేస్తుంది. ఇది నా ఊహే, పుస్తకంలో చదివింది కాదు.

ఇంకో ముక్క. 1930లో డైరెక్టర్ ఫ్రాంక్ కాప్రా లేడీస్ ఆఫ్ లీజర్ అనే సినిమా తీస్తూ ఒకటి గమనించాడు. ఈవిడ మొదటి టేక్‌లోనే మొత్తం ఇచ్చేస్తుంది. రిహార్సల్ చేయిస్తే రిహార్సల్లోనే అయిపోతుంది, టేక్‌కి ఏమీ మిగలదు. అందుకని మిగతావాళ్ళతో విడిగా రిహార్సల్ చేయించి, ఈవిణ్ణి ఆఖర్న పిలిచి, రెండు మూడు కెమెరాలు ఒకేసారి పెట్టి తీసేవాడు. అప్పట్లో సౌండ్ కొత్త, లైటింగ్‌తోనే చావొచ్చేది, అలాంటప్పుడు ఒక కొత్తమ్మాయి కోసం అన్ని కెమెరాలంటే కెమెరామెన్ ఎంత తిట్టుకుని ఉంటారో! నేనిక్కడ ఈ ఇంట్రో తొమ్మిదిసార్లు తీశా, మీరు చూసింది పదోది.

బేబీ ఫేస్, 1933. ఈ డీవీడీలో రెండు వెర్షన్లున్నాయి, రెండూ చూడాలి, వరసగా చూడాలి. పెన్సిల్వేనియాలో ఇరీ అనే ఊరు. తండ్రి నడిపే దొంగసారా బారులో మగ్గిపోయిన అమ్మాయి గూడ్సు రైలెక్కి న్యూయార్క్ పారిపోతుంది. ఒక బ్యాంకులో చేరి మగాళ్ళను వాడుకుంటూ అంతస్తు అంతస్తూ ఎక్కుతుంది. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా కెమెరా బిల్డింగ్ బయట ఒక్కో కిటికీ పైకి జరుగుతుంది. కింద అంతస్తులో వదిలేసిన గుమాస్తాల్లో, తర్వాత కౌబాయ్ సినిమాల పెద్ద హీరో అయిన జాన్ వేన్‌ని కుర్రాడిగా చూసి నేను పగలబడి నవ్వా. ఊళ్ళో ఒక ముసలి చెప్పులు కుట్టే ఆయన ఈ అమ్మాయికి జర్మన్ తత్వవేత్త నీషే పుస్తకం చూపించి, నీ బలం వాడుకో, మగాళ్ళను వాడుకో అని చెబుతాడు. సెన్సారు వాళ్ళు అదే నోటితో మంచి దారిలో నడువమ్మా అనే నీతులు చెప్పించారు. డెబ్భై ఏళ్ళు జనం ఆ నీతుల వెర్షనే చూశారు. 2004లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అసలు వెర్షన్ నెగటివ్ దొరికింది. తమాషా ఏంటంటే, డైలాగు మార్చగలిగారు గానీ ఆ మాటలు వింటున్న స్టాన్‌విక్ మొహం మార్చలేకపోయారు. నీతుల వెర్షన్లో కూడా ఆవిడ నీతులు వింటున్నట్టు ఉండదు.

లేడీ ఈవ్, బాల్ ఆఫ్ ఫైర్ రెండూ 1941వే. నవ్వొచ్చే సినిమాలు, ఇంటిల్లిపాదీ చూడొచ్చు. మొదటిదాంట్లో ఓడ డైనింగ్ హాల్లో పౌడర్ డబ్బా అద్దంలోంచి హీరో హెన్రీ ఫోండాని చూస్తూ, అతనికి వల వేస్తున్న ఆడవాళ్ళ మీద కామెంటరీ చెప్పి, చెప్పి, తను మాత్రం కాలు అడ్డం పెట్టి పడేస్తుంది. రెండోదాంట్లో హీరో గ్యారీ కూపర్‌ని ముద్దు పెట్టుకోడానికి ఎత్తు చాలక పుస్తకాలు పేర్చుకుని ఎక్కుతుంది. ఆ ఇంట్లో ఉన్నదంతా విజ్ఞాన సర్వస్వం రాసే ప్రొఫెసర్లు, పుస్తకాలకేం కరువు!

ఫార్టీ గన్స్ సినిమాగా నాకు అంత ఎక్కలేదు, నిజం చెప్పాలిగా. కానీ గుర్రం రికాబులో కాలు ఇరుక్కుని నేల మీద ఈడ్చుకుపోయే సీను ఉంది. స్టంట్ చేసేవాళ్ళు ప్రమాదం అంటే ఆవిడే చేసింది. అప్పటికి యాభైకి దగ్గర పడింది. 1944లో అమెరికాలో అందరికన్నా ఎక్కువ సంపాదించిన ఆడమనిషి అని ఆదాయపన్ను శాఖే లెక్క తేల్చింది, దాదాపు 4 లక్షల డాలర్లు. అంత చూసిన మనిషికి మట్టిలో దొర్లాల్సిన అవసరమేంటి? సెట్లో లైట్‌బాయ్‌ల దాకా అందరూ "మిస్సీ" అని ఎందుకు పిలుచుకునేవారో ఇలాంటివి చూస్తే తెలుస్తుంది.

ఈ సెట్ మీద నా అసలు ఫిర్యాదు: స్టెల్లా డల్లాస్ లేదు. ఆస్కార్‌కి నాలుగుసార్లు నామినేట్ అయింది, ఒక్కసారీ రాలేదు, ఆ నాలుగింట్లో మొదటిదే లేకుండా ఏం సెట్టండీ ఇది? గోల్డెన్ బాయ్ కూడా లేదు. 1939లో ఆ సినిమాకి విలియం హోల్డెన్ కొత్త కుర్రాడు, స్టూడియో తీసేద్దామనుకుంటే ఈవిడ అడ్డుపడి, సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పింది. 1978లో ఇద్దరూ ఒక అవార్డు ఇవ్వడానికి ఆస్కార్ స్టేజి ఎక్కితే, ఆయన రాసిచ్చింది పక్కన పెట్టి అందరి ముందూ థాంక్స్ చెప్పాడు. 1982లో ఈవిడకు గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు ఆయన లేడు, నాలుగు నెలల ముందే పోయాడు. నాకు ఆస్కార్ రావాలని ఎప్పుడూ కోరుకునేవాడు, నా గోల్డెన్ బాయ్, ఇవాళ నీ కోరిక తీరింది, అంది. బొమ్మ ఎత్తి పట్టుకుంది. గొంతు ఒక్క క్షణం ఆగింది. అంతే, ఏడవలేదు. కారు షాట్‌లో మొహం చూసి ఇది చూస్తే అదే మనిషి అని తెలుస్తుంది. 1990 జనవరిలో పోయింది. అంత్యక్రియల సభ వద్దని చెప్పిందట, బూడిద కాలిఫోర్నియాలో లోన్ పైన్ దగ్గర చల్లారు.

కొనాలా? రీజియన్ ఫ్రీ ప్లేయర్ లేకపోతే ఈ ఐదింటినీ ముట్టుకోకండి, నాలా శనివారం పాడుచేసుకోకండి. ప్లేయర్ ఉంటే డబుల్ ఇండెమ్నిటీ ఒక్కటి కొన్నా చాలు, దాని తర్వాత బేబీ ఫేస్. ఫార్టీ గన్స్ ఎవరైనా కొంటే అరువు తెచ్చుకోండి. మార్కులు ఎన్ని అని కింద అడుగుతారు. వేయను. అరువు ప్లేయర్ ఆదివారం తిరిగి ఇచ్చేయాలి, ఈలోగా ఆ కారు షాట్ ఇంకొక్కసారి ఆపడానికి ట్రై చేస్తా. అమ్మ కూడా చూస్తానంది.