కుండలీకరణాలు లేకుండా గొలుసు లెక్క: రివర్స్ పోలిష్ పద్ధతి

[తెరపై: ధాన్యం బస్తాలు, పక్కన బల్ల మీద మామూలు కాలిక్యులేటర్]

వ్యాఖ్యానం: భీమవరం దగ్గర ఐదెకరాలు సాగు చేసే ఒక రైతు సార్వా లెక్క చూద్దాం. మూడెకరాల్లో ఎకరానికి 28 బస్తాలు, తక్కిన రెండెకరాల్లో ఎకరానికి 31 బస్తాలు పండాయనుకుందాం. దుకాణాల్లో ఉండే చిన్న కాలిక్యులేటర్‌లో 28 × 3 + 31 × 2 అని వరుసగా నొక్కితే 230 వస్తుంది. గుణకారం ముందు, కూడిక తరువాత అన్న నియమాన్ని అది పాటించదు. అసలు జవాబు 146. లేని 84 బస్తాలను ఏ మిల్లరూ కొనడు.

[తెరపై: హెచ్‌పీ 12సీ కాలిక్యులేటర్]

వ్యాఖ్యానం: 1981లో వచ్చిన ఈ యంత్రం రివర్స్ పోలిష్ పద్ధతిలో పనిచేస్తుంది. పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ ఉకాషెవిచ్ 1920లలో గుర్తును అంకెలకు ముందు ఉంచి, కుండలీకరణాల అవసరం లేకుండా చేశాడు. ఆ వరుసను తిరగేసి గుర్తును చివర పెట్టడమే ఈ పద్ధతి. క్రియను చివర చెప్పే మనకు ఇది వింత కాకూడదు: ‘28ని 3తో గుణించు’ అంటాం కదా, మీటలు నొక్కే క్రమమూ అదే.

[తెరపై: ఒకదానిపై ఒకటిగా నాలుగు గళ్లు, కింది నుంచి ఎక్స్, వై, జెడ్, టి]

వ్యాఖ్యానం: అంకెలను దాచుకునే ఈ నాలుగు గళ్లలో కాలిక్యులేటర్ తెరపై కనిపించేది ఎక్స్ గడి మాత్రమే. ఎంటర్ మీట ఎక్స్‌లోని అంకెను పై గడిలోకీ నకలు చేస్తుంది. 28, ఎంటర్, 3, గుణకారం నొక్కితే 84 వస్తుంది. ఇప్పుడు ఎంటర్ అక్కరలేదు. 31 కొట్టగానే 84 దానంతటదే వై గడికి జరుగుతుంది. ఎంటర్ నొక్కి, 2 కొట్టేసరికి 84 జెడ్‌లోనూ, 31 వైలోనూ, 2 ఎక్స్‌లోనూ ఉంటాయి. గుణకారంతో 62 వచ్చి, 84 మళ్లీ వైకి దిగుతుంది. కూడిక నొక్కితే 146.

2024–25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు గనుక 75 కిలోల బస్తా 1,725 అవుతుంది. 1725, గుణకారం: 2,51,850. ఎకరానికి పెట్టుబడి 34,000 అనుకుంటే 34000, ఎంటర్, 5, గుణకారం, తీసివేత: 81,850. చివరగా 5, భాగహారం నొక్కితే ఎకరానికి 16,370 మిగులు తేలుతుంది. దారిలో వచ్చిన ఏ మొత్తాన్నీ కాగితంపై రాసుకోలేదు. పైగా ప్రతి మొత్తమూ కళ్లముందు నిలిచింది కాబట్టి తేడా ఎక్కడ వచ్చినా అక్కడే పట్టుకోవచ్చు. నా దృష్టిలో ఈ పద్ధతికున్న అసలు బలం అదే.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది రెండో అంకె తరువాత కూడా ఎంటర్ నొక్కడంలో. 28, ఎంటర్, 3, ఎంటర్, గుణకారం అంటే 3ను 3తోనే గుణించి 9 చూపిస్తుంది. తీసివేతలో వై నుంచి ఎక్స్ పోతుందని గుర్తుంచుకోవాలి; వరుస తారుమారైతే ఎక్స్, వైలను మార్చే మీట ఉంది.

[తెరపై: నాలుగు గళ్లలోనూ 1.02]

వ్యాఖ్యానం: గళ్లు కిందికి దిగినప్పుడు టి గడిలోని అంకె చెరగదు, దాని నకలే కిందికి దిగుతుంది. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున, నెల నెలా కలిసే చక్రవడ్డీకి 10,000 అప్పు తీసుకుంటే, 1.02 కొట్టి మూడుసార్లు ఎంటర్ నొక్కి, 10000 కొట్టాలి. ఇక గుణకారం మీట ఒక్కటే: మొదటి నెలకు 10,200, రెండో నెలకు 10,404, పన్నెండోసారికి 12,682.42.